సూది గుచ్చడం వల్లే అమ్మ క్యాన్సర్ ఎముకలకి పాకిందా? అసలు ఎలా పాకుతుంది?

రాజోలు_రేవు
మా అమ్మకి 54 ఏళ్ళు. నాలుగేళ్ళ క్రితం ఎడమ రొమ్ములో గడ్డ తీశారు. కీమో, రేడియేషన్ అయ్యాయి, అప్పట్నుంచి రోజూ మాత్ర వేసుకుంటోంది. రెండు నెలలుగా నడుము నొప్పి అంటే, తోటలో వంగి కొబ్బరికాయలు ఏరుతుంది కదా, పట్టేసిందనుకున్నాం. స్కాన్ తీస్తే నడుము పూసలో ఒకచోట, కుడి తుంటిలో ఒకచోట మచ్చలు కనిపించాయి. పాకింది అన్నారు.

తుంటి ఎముక నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయాలంటున్నారు డాక్టర్ గారు. అమ్మ ససేమిరా అంటోంది. "అప్పుడు సూది గుచ్చి కదిపారు, అందుకే పాకింది. మళ్ళీ గుచ్చితే ఇంకెక్కడికి పోతుందో" అని. మా మేనత్తలిద్దరిదీ అదే మాట. నాకు జవాబు తెలియక ఊరుకుంటున్నాను. నెట్‌లో వెతికితే సిగ్నలింగ్ పాత్‌వేలంటూ అక్షరాలు, అంకెలు, బాణం గుర్తులు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. గడ్డ మొత్తం తీసేశాక ఎముకలోకి ఎలా వెళ్ళింది? అమ్మకి అర్థమయ్యేలా ఎవరైనా చెప్పండి. పాత రిపోర్టులో ఈఆర్ పాజిటివ్, పీఆర్ పాజిటివ్, హెర్2 2+ అని ఉంది.

కొబ్బరిమట్ట
మీ అమ్మగారి భయంలో తప్పేం లేదు. మా పెద్దమ్మకి గడ్డ ఆరేళ్ళు అలాగే ఉంది, ఏమీ చేయలేదు. ఆపరేషన్ చేయించాక ఏడాదిన్నరకే లివర్‌కి వచ్చింది. కత్తి తగిలితే రేగుతుందని మా ఊళ్ళో అందరూ అంటారు. అందరూ అబద్ధం చెప్తారా?

ల్యాబ్‌కోటు
నాది తణుకు, పనిచేసేది పాథాలజీ ల్యాబ్‌లో. బయాప్సీ ముక్కల్ని సన్నటి పొరలుగా కోసి, రంగు వేసి, గాజు పలక మీద చూసే పని. @కొబ్బరిమట్ట గారూ, ఆరేళ్ళు ఊరికే ఉన్న గడ్డ ఆ ఆరేళ్ళూ ఖాళీగా కూర్చోలేదు. అదే ఇక్కడ అసలు సంగతి.

రొమ్ములో పాల నాళాల లోపలి గోడ కణాలు అరటి గెలలో కాయల్లా ఒకదాన్నొకటి అంటుకుని ఉంటాయి. అంటించే జిగురు పేరు ఈ-క్యాడ్‌హెరిన్, అదొక ప్రోటీన్. గడ్డ పెరుగుతున్నకొద్దీ లోపలి కణాలకి ఆక్సిజన్ చాలదు, చుట్టుపక్కల కణాల నుంచి టీజీఎఫ్-బీటా లాంటి కబుర్లు అందుతుంటాయి. ఆ కబురు కణం పైపొర మీద దాన్ని అందుకునే ప్రోటీన్‌కి, అంటే రిసెప్టార్‌కి, తగులుతుంది. అక్కణ్ణుంచి ఒక ప్రోటీన్ ఇంకోదాన్ని తట్టి లేపుతూ లోపల న్యూక్లియస్ దాకా చేరవేస్తాయి. సిగ్నలింగ్ పాత్‌వే అంటే ఇంతే, చేతులు మారుతూ పోయే కబురు. అక్కడ స్నెయిల్, ట్విస్ట్ అనే ప్రోటీన్లు మేలుకుని జిగురు తయారుచేసే జన్యువుని ఆపేస్తాయి. ట్విస్ట్‌కీ రొమ్ము క్యాన్సర్ పాకడానికీ ఉన్న సంబంధాన్ని 2004లో ఎలుకల్లో చూపించారు. జిగురు పోయిన కణం గుండ్రటి ఆకారం వదిలి సాగుతుంది, కదలడం నేర్చుకుంటుంది. ఎంఎంపీలనే ఎంజైములతో అడ్డొచ్చిన పొరని కరిగించుకుంటూ రక్తనాళంలోకి దిగుతుంది.

ఇదంతా చేతికి గడ్డ తగలకముందే మొదలైపోవచ్చు. మా దగ్గరికి వచ్చేసరికి బఠాణీ గింజంత గడ్డలో కణాలు కోట్లలో ఉంటాయి. సర్జన్ తీసింది గడ్డని. అంతకుముందే ఇల్లు దాటిన కణాలు ఆయన కత్తికి అందవు. కీమో, రోజూ వేసుకునే మాత్ర వాటి కోసమే.

సూది దారిలో కొన్ని కణాలు కదలవచ్చు, అది నిజమే. కానీ దారి తప్పిన కణం వేరేచోట బతికి గడ్డ కట్టాలంటే నేను పైన చెప్పిన విద్యలన్నీ దానికి వచ్చి ఉండాలి. సూది దెబ్బ ఆ విద్యలు నేర్పదు.

లాకు_కాపరి
ఇరిగేషన్‌లో లస్కర్‌గా మొదలుపెట్టి 34 ఏళ్ళు కాలువల మీద తిరిగినవాణ్ణి. మేడం గారు చెప్పింది వింటే నాకు గుర్రపుడెక్క గుర్తొచ్చింది. పై లాకు దగ్గర ఎంత తీసి గట్టున పడేసినా, నెల తిరిగేసరికి కింద పది మైళ్ళ అవతల పచ్చగా పరుచుకుని ఉండేది. జనం మమ్మల్నే తిట్టేవారు, మీరు కదపబట్టే కొట్టుకొచ్చిందని. మేం చేయి పెట్టకముందే పిలకలు నీళ్ళలో పడి పోయి ఉండేవి. తీయకుండా వదిలేసిన ఏడాది ఇంకా ఎక్కువ పాకేది. అదీ చూశాను. ప్రవాహం ఎటు పోతే అది అటు పోతుంది, అంతే కదండీ?

రాజోలు_రేవు
@లాకు_కాపరి గారూ, ఈ మాట అమ్మకి చెప్తాను. మా ఇంటి వెనక బోదెలో ప్రతి ఏడూ అదే గోల.

మండపేట_మాస్టారు
జువాలజీ చెప్పి రిటైరయ్యాను. లాకు కాపరి గారి చివరి ముక్క మీద నూరేళ్ళ పైన వాదన నడిచింది. 1889లో లండన్‌లో స్టీఫెన్ పేజెట్ అనే సర్జన్ రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు కూర్చి చూశాడు. ప్రవాహమే లెక్కయితే ప్లీహానికీ కాలేయానికీ సుమారు ఒకేలా రావాలి. కానీ 241 మందిలో కాలేయంలో కనిపిస్తే ప్లీహంలో 17 మందిలోనే కనిపించింది. విత్తనం నలుదిక్కులా పోవచ్చు, సరిపడే నేల మీద పడితేనే మొలుస్తుంది అన్నాడాయన. ఆ తర్వాత 1920లలో అమెరికాలో జేమ్స్ యూయింగ్ అనే పాథాలజిస్టు "అది కాదు, రక్తం దారే కారణం" అన్నాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది.

మన దగ్గర దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. మార్టేరు వరి పరిశోధనా కేంద్రంలో పుట్టిన స్వర్ణ వరి డెల్టా అంతా పండింది. అదే విత్తనం సముద్రం ఒడ్డున చౌడు నేలలో చల్లితే ఏమవుతుందో రైతుకి తెలుసు.

లాకు_కాపరి
మాస్టారూ, గుర్రపుడెక్క కూడా పారే నీళ్ళలో నిలవదు లెండి. తూము వెనక, లాకు మూల, నీరు నిదానించిన చోటే నిలుస్తుంది. ఒప్పుకుంటున్నాను.

ల్యాబ్‌కోటు
ఆ "నేల" ఏమిటో 2001లో కొంత తేలింది. రొమ్ము క్యాన్సర్ కణాల మీద సీఎక్స్‌సీఆర్4 అనే రిసెప్టార్ ఎక్కువగా ఉంటుంది. దానికి జతయ్యే సీఎక్స్‌సీఎల్12 అనే పదార్థం ఎముక మజ్జ, ఊపిరితిత్తులు, కాలేయం, శోషరస గ్రంథుల్లో ఎక్కువగా తయారవుతుంది. రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వెళ్ళే చోట్లు కూడా చాలావరకు అవే. ఈ పదార్థం వాసన పట్టినట్టు, అది ఎక్కువున్న వైపుకి కణం పాక్కుంటూ పోతుంది.

చేపల_చెరువు
పులస లాగా! సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, ఎర్రనీరు తగిలిందంటే గోదారికి ఎదురీదుకుంటూ వచ్చేస్తుంది. పుస్తెలమ్మి కొనేవాళ్ళు గట్టున ఎదురుచూస్తుంటారని దానికి తెలియదు పాపం.

ల్యాబ్‌కోటు
@చేపల_చెరువు నా క్లాసులో వాడుకుంటాను ఈ పోలిక. ఒక్క తేడా ఉంది. పులసల్లో కొన్నయినా గమ్యం చేరతాయి. రక్తంలోకి దిగిన క్యాన్సర్ కణాల్లో దాదాపు అన్నీ చచ్చిపోతాయి. ఒరిపిడికి కొన్ని చితికిపోతాయి, కొన్నిటిని రోగనిరోధక కణాలు తినేస్తాయి. పదివేలలో ఒక్కటి కూడా కొత్తచోట గడ్డ కట్టదు. ఒంటరిగా పోయేవాటికంటే గుంపుగా అంటుకుని పోయేవి బతికే అవకాశం చాలా ఎక్కువని 2014లో తేలింది.

పాలకొల్లు_పిన్ని
నాకు పదకొండేళ్ళ క్రితం అయింది. లోబ్యులర్ రకం, పాలు తయారయ్యే భాగంలో మొదలయ్యేదట. ల్యాబ్‌కోటు అమ్మాయ్, నువ్వు రాసింది చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదమ్మా. లేచి బీరువాలోంచి పాత ఫైలు తీశాను. అందులో "ఈ-క్యాడ్‌హెరిన్ నెగెటివ్" అని స్పష్టంగా ఉంది. జిగురు పోతే కదులుతుంది అన్నావు కదా. అంటే నాకు అప్పుడే ఒళ్ళంతా పాకేసిందనా? పదకొండేళ్ళుగా ఏమీ లేదే మరి?

ల్యాబ్‌కోటు
పిన్నిగారూ, క్షమించండి. నేను ఒక రకం గురించి చెప్పి అన్నిటికీ వర్తించేలా రాశాను, తప్పు నాదే. లోబ్యులర్ రకంలో ఆ జిగురు మొదటి నుంచీ ఉండదు, జన్యువు దగ్గరే పోయి ఉంటుంది. అది ఆ రకానికి గుర్తు. మేం ఆ పరీక్ష చేసేదే లోబ్యులరా, పాల నాళాల్లో మొదలయ్యే డక్టలా అని విడదీయడానికి. పాకిందనడానికి అది రుజువు కాదు. హాయిగా పడుకోండి.

మండపేట_మాస్టారు
పిన్నిగారి ప్రశ్న చిన్నది కాదు. జిగురు ఊడటం అనే ఈ మెట్టు మీద శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు. 2015లో ఎలుకల మీద చేసిన ఒక పరిశోధనలో ఊపిరితిత్తులకి పాకడానికి ఆ మార్పు అవసరం పడలేదు, కీమోకి లొంగకుండా ఉండటానికి మాత్రం పనికొచ్చింది. పైగా గుంపుగా కదిలే కణాలకి జిగురు కొంత ఉండాలి కూడా. కాబట్టి ల్యాబ్‌కోటు గారి మొదటి పోస్టుని ఒకే దారి అనుకోకండి, చాలా దారుల్లో అదొకటి.

ల్యాబ్‌కోటు
ఒప్పుకుంటున్నాను మాస్టారూ.

పాలకొల్లు_పిన్ని
ఇప్పుడు గుండె కుదుటపడింది. ఫైలు మళ్ళీ బీరువాలో పెట్టేశాను.

పూతరేకు
ఇన్ని పేర్లెందుకు? క్యాన్సర్ కణానికి తిండి పంచదార. పంచదార, బెల్లం, అన్నం మానేస్తే దానంతటదే మాడిపోతుంది. అమ్మగారికి ముందు అది మాన్పించండి.

నర్సు_అక్క
కాకినాడలో క్యాన్సర్ వార్డులో పనిచేస్తున్నాను. @పూతరేకు గారూ, మీ మాట విని అన్నం మానేసినవాళ్ళని నేను చూశాను. బరువు తగ్గి, రక్తం తగ్గి, ఇవ్వాల్సిన కీమో వాయిదా పడిపోయింది. మాడింది మనిషి. షుగర్ వ్యాధి ఉంటే అదుపులో పెట్టుకోవాలి, అది వేరే సంగతి. దయచేసి మంచం మీద ఉన్నవాళ్ళకి తిండి మానేయమని చెప్పకండి.

ల్యాబ్‌కోటు
ఇన్సులిన్‌కీ ఈ కబుర్లకీ సంబంధం అసలు లేదనలేం. కణాన్ని పెరగమని చెప్పే పీఐ3కే అనే దారిని ఇన్సులిన్ కూడా తడుతుంది. ఈఆర్, పీఆర్ అంటే ఈస్ట్రోజన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లని అందుకునే రిసెప్టార్లు. అమ్మగారిలా ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్ళలో సుమారు 40 శాతం మందికి ఆ దారిలో పీఐకే3సీఏ అనే జన్యువులో మార్పు ఉంటుంది. దానికి 2019లో అల్పెలిసిబ్ అనే మందు వచ్చింది. దాని పెద్ద ఇబ్బంది ఏమిటంటే షుగర్ పెరగడం. ఇన్సులిన్ నడిచేదీ, ఈ మందు ఆపేదీ ఒకే దారి కాబట్టి. కానీ దీన్నిబట్టి అన్నం మానేస్తే గడ్డ పోతుందనుకోకూడదు. శరీరం దాచుకున్న కొవ్వు నుంచీ కండ నుంచీ అయినా రక్తంలో చక్కెర నిలబెట్టుకుంటుంది.

కొబ్బరిమట్ట
సరే, సూది మాట వదిలేద్దాం. మరి నాలుగేళ్ళు ఎక్కడ దాక్కుంది? మా పెద్దమ్మది ఏడాదిన్నర. ఇంత తేడా ఎందుకు?

ల్యాబ్‌కోటు
మంచి ప్రశ్న. ఎముక మజ్జలోకి చేరిన కణం వెంటనే పెరగకుండా నిద్రలోకి పోవచ్చు. విభజన చెందదు కాబట్టి, విభజన చెందే కణాలని చంపే కీమో దాన్ని పట్టుకోలేదు. ఈఆర్ పాజిటివ్ రకంలో ఈ నిద్ర చాలా ఏళ్ళు ఉండవచ్చు. 2017లో సుమారు 63 వేల మంది ఆడవాళ్ళ వివరాలు చూస్తే, అయిదేళ్ళు మాత్ర వాడి ఆపినవాళ్ళలో 20 ఏళ్ళ దాకా కూడా కొందరికి తిరగబెడుతూనే ఉంది. హెర్2 ఎక్కువున్న రకం, ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ లేని ట్రిపుల్ నెగెటివ్ రకం తిరగబెడితే చాలావరకు మొదటి కొన్నేళ్ళలోనే తిరగబెడతాయి. మీ పెద్దమ్మగారి రిపోర్టులో ఈ మూడు మాటలు ఏమున్నాయో చూడగలరా?

కొబ్బరిమట్ట
ఆ ఫైలు ఇప్పుడు లేదండి. చనిపోయాక అన్నీ గోదాట్లో కలిపేశాం.

పాలకొల్లు_పిన్ని
ఆ మాత్ర సంగతి నేను చెప్తాను. నాతో పాటు అదే నెలలో ఆపరేషన్ అయిన ఒకావిడ టామోక్సిఫెన్ రెండేళ్ళు వేసుకుని మానేసింది. ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, చిరాకు. "బానే ఉన్నాను కదా, ఎందుకీ బాధ" అంది. నాకూ ఆవిర్లే, అర్ధరాత్రి లేచి వీధి అరుగు మీద కూర్చునేదాన్ని. అయినా మానలేదు. డాక్టర్ గారు పదేళ్ళు వాడమన్నారు, వాడాను. ఆవిడ ఇప్పుడు లేదు. మానేసినందుకే అలా అయిందని నేను అనలేను. కానీ ఎవరైనా మానేస్తానంటే గొడవ పెట్టుకుంటాను.

ల్యాబ్‌కోటు
పిన్నిగారి డాక్టర్ చెప్పిన పదేళ్ళ లెక్కకి ఆధారం ఉంది. అయిదేళ్ళ టామోక్సిఫెన్ కంటే పదేళ్ళది మేలని 2012లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. ఆ మాత్ర అడ్డుపడితే ఈస్ట్రోజన్ అందక ఆ కణాలు నిద్రలోనే ఉండిపోవాలన్నది ఆశ.

యానాం_గాలి
మగవాళ్ళకీ వస్తుంది, గుర్తుంచుకోండి. రొమ్ము క్యాన్సర్లలో నూటికి ఒకటి దాకా మగవాళ్ళవే. మా బాబాయికి చనుమొన లోపలికి లాక్కుపోతే ఏదో కురుపనుకుని ఎవరికీ చెప్పలేదు. సిగ్గు.

భీమవరం_బుల్లోడు
ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. 1895లో మా భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో తయారుచేసిన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. ఫోలిక్ ఆమ్లం లాగే కనిపించి కణాన్ని మోసం చేసే మందు. 1951లో జేన్ రైట్ అనే డాక్టరమ్మ అది రొమ్ము గడ్డల మీద కూడా పనిచేస్తుందని చూపించింది. 1976లో ఇటలీలో బొనడోనా ఆపరేషన్ తర్వాత ఇచ్చిన మూడు మందుల కీమోలో ఒకటి అదే. పాకకుండా ముందే ఇచ్చే కీమోకి అదే మొదటి మెట్లలో ఒకటి. ఆయన 1948లోనే పోయారు, ఇదేదీ చూడలేదు.

మండపేట_మాస్టారు
మా క్లాసులో ఏటా చెప్పేవాణ్ణి ఇది. పిల్లలకి పేరు తెలిసేది, పని తెలిసేది కాదు.

రాజోలు_రేవు
అన్నీ కాగితం మీద రాసుకుంటున్నాను. ఇంకో రెండు అడగాలి. ఒకటి, ఎముకలో చేరాక అది చేసేదేమిటి, ఎందుకంత నొప్పి? రెండు, ఈ టీజీఎఫ్-బీటా గురించి చదివితే ఒకచోట క్యాన్సర్‌ని ఆపుతుందని, ఇంకోచోట పెంచుతుందని ఉంది. ఏది నిజం?

ల్యాబ్‌కోటు
రెండోది ముందు. రెండూ నిజమే. మామూలు కణానికి టీజీఎఫ్-బీటా "ఇక పెరిగింది చాలు" అని చెప్పే కబురు. మొదటి దశలో క్యాన్సర్‌కీ అది బ్రేకు. తర్వాత ఆ బ్రేకు మాట వినే జన్యువులు పాడైపోయిన కణానికి "కదులు" అన్న భాగం మాత్రమే వినిపిస్తుంది.

లాకు_కాపరి
గట్టు ఉన్నంతసేపు గోదారి నీళ్ళే పంట. 1986 ఆగస్టులో గట్లు తెగినప్పుడు అవే నీళ్ళు ఊళ్ళు ముంచాయి. నీళ్ళు మారలేదు బాబూ.

ల్యాబ్‌కోటు
నేను చెప్పాల్సింది ఆయన చెప్పేశారు. ఇక ఎముక. మన ఎముక రాయి కాదు. ఒకపక్క తవ్వే కణాలు, ఒకపక్క పూడ్చే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. మజ్జలో మేలుకున్న క్యాన్సర్ కణం పీటీహెచ్‌ఆర్‌పీ అనే పదార్థం వదులుతుంది. అది అందుకున్న పూడ్చే కణాలు ర్యాంక్‌ఎల్ అనే కబురు పంపుతాయి. ర్యాంక్‌ఎల్ తగిలితే తవ్వే కణాలు రెచ్చిపోతాయి. ఎముకని తవ్వితే అందులో ముందే దాచి ఉన్న టీజీఎఫ్-బీటా బయటపడుతుంది. అది క్యాన్సర్ కణానికి మేత. మేత తిన్న కణం ఇంకా ఎక్కువ పీటీహెచ్‌ఆర్‌పీ వదులుతుంది. మళ్ళీ తవ్వకం. లంక భూముల్లో కోత చూసే ఉంటారు. ఒకచోట గట్టు జారితే సుడి అక్కడికే తిరుగుతుంది, ఇంకో అడుగు జారుతుంది. క్యాన్సర్ స్వయంగా ఎముకని కొరకదు, మన కణాలతోనే తవ్విస్తుంది. పూస లోపల డొల్ల పడి బరువు మోయలేకపోతే నొప్పి.

ఈ చక్రాన్ని తెంచే మందులున్నాయి. జోలెడ్రోనిక్ యాసిడ్ తవ్వే కణాల్ని దెబ్బతీస్తుంది. డెనోసుమాబ్ ఆ ర్యాంక్‌ఎల్‌నే మధ్యలో పట్టేస్తుంది. ఎముక విరగకుండా కాపాడటానికి అవి పనికొస్తాయి. అసలు వైద్యం వేరే జరుగుతూనే ఉండాలి.

నర్సు_అక్క
ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించండి తమ్ముడూ. ఇది చాలామంది చెప్పరు. ఇంజెక్షన్ తీసుకుంటూ మధ్యలో పుచ్చు పన్ను పీకిస్తే దవడ ఎముక మానకుండా కుళ్ళిపోయే ప్రమాదం ఉంది. పీకేది ఏదైనా ఉంటే ముందే పీకించి, మానాక మొదలుపెడతారు. కాల్షియం, డి విటమిన్ కూడా అడగండి.

ఇంకొకటి, ఇది రాసి గోడకి అంటించుకోండి. కాళ్ళు బరువెక్కినా, తిమ్మిరి పైకి పాకినా, ఒంటికి రెంటికి తెలియకపోయినా ఆ రోజే, ఆ గంటే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. పూస వెన్నుపాముని నొక్కుతున్నట్టు. తెల్లారాక చూద్దామని ఆగిన ఒక తాతగారు మళ్ళీ నడవలేదు.

రాజోలు_రేవు
రాసి ఫ్రిజ్ మీద అంటించాను అక్కా. ఇక బయాప్సీ. క్యాన్సరని తెలిసిపోయింది కదా, మళ్ళీ ఎందుకు గుచ్చడం? దీనికి కూడా అమ్మకి జవాబు కావాలి.

ల్యాబ్‌కోటు
మీ అమ్మగారి పాత రిపోర్టులో నాకు గుచ్చుకుంటున్న మాట హెర్2 2+. హెర్2 కూడా కణం మీది రిసెప్టారే. అది లెక్కకి మించి ఉన్న కణం స్టార్టర్ ఇరుక్కుపోయిన మోటారు లాంటిది. ఎవరూ నొక్కకపోయినా పెరుగు, పెరుగు అంటూ పీఐ3కే దారినీ, అలాంటిదే ఇంకోటి మ్యాప్‌కైనేజ్ దారినీ నడుపుతూనే ఉంటుంది. 3+ అంటే ఖాయంగా ఎక్కువుంది. 0, 1+ అంటే లేనట్టే లెక్కపెట్టేవారు. 2+ అంటే తేలలేదని అర్థం. తేల్చడానికి ఫిష్ అనే జన్యు పరీక్ష చేయాలి. మీరు రాసిందాంట్లో ఫిష్ మాట లేదు. చేశారా?

రాజోలు_రేవు
ఫైలంతా వెతికాను. లేదు. అప్పుడు చూసిన ఆస్పత్రిలో "2+ అంటే నెగెటివే" అన్నారు. మేం ఇంకేం అడగలేదు.

నర్సు_అక్క
ఇది విన్నప్పుడల్లా కడుపు మండుతుంది. ఆ ఒక్క పరీక్ష ఖర్చని వదిలేస్తారు, లేదా చెప్పడమే మర్చిపోతారు. హెర్2 పాజిటివ్ వాళ్ళకి ట్రాస్టుజుమాబ్ అనే మందు 1998లోనే వచ్చింది. ఇప్పుడు మన దేశంలోనే తక్కువ ధరకి తయారవుతోంది.

ల్యాబ్‌కోటు
కంగారు పడకండి, పాత ముక్క ఇంకా ఉండవచ్చు. ఆపరేషన్‌లో తీసిన కండని మైనం దిమ్మల్లో పెట్టి ఏళ్ళ తరబడి దాస్తారు. వాటిని బ్లాకులు అంటాం. ఆ ఆస్పత్రికి వెళ్ళి బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకోండి, అవి మీవి. వాటి మీదే ఫిష్ చేయించవచ్చు.

అయినా కొత్త ముక్క కూడా కావాలి. నాలుగేళ్ళు మాత్ర కింద అణిగి బతికిన కణాలు అప్పటివి కాకపోవచ్చు. కొందరిలో ఈఆర్ పోతుంది, కొందరిలో హెర్2 కొత్తగా వస్తుంది, పోతుంది కూడా. అప్పటి రిపోర్టు చూసి ఇప్పటి మందు ఇవ్వడమంటే పోయినేడు పురుగు చూసి ఈ ఏడు మందు కొట్టడమే. 2022 నుంచి 1+, ఫిష్ నెగెటివ్ వచ్చిన 2+ వాళ్ళకి కూడా పనిచేసే మందు ఒకటుంది, ఖరీదు మాత్రం చాలా ఎక్కువ.

ఒక జాగ్రత్త. ఎముక ముక్క గట్టిగా ఉంటుంది కాబట్టి కోయడానికి ముందు సున్నం కరిగిస్తారు. ఘాటు యాసిడ్‌లో వేస్తే ఫిష్‌కి పనికిరాకుండా పోవచ్చు. సున్నాన్ని మెల్లగా తీసే ఈడీటీఏలో వేయమని ముందే అడగండి. నేను ఎన్నో ముక్కలు అలా పాడవడం చూశాను. మనిషి నొప్పి భరించి ఇచ్చిన ముక్క అది.

కొబ్బరిమట్ట
మా పెద్దమ్మకి ఇవేవీ ఎవరూ అడగలేదు. అడగాలని మాకు తెలియదు. రాజోలు తమ్ముడూ, అమ్మగారిని ఒప్పించండి. నేను ముందు రాసింది పక్కన పెట్టేయండి.

రాజోలు_రేవు
మూడు రోజులు ఇటు రాలేదు. నిన్న సాయంత్రం కాలువ గట్టు మీద అమ్మని కూర్చోబెట్టి లాకు కాపరి గారి మాట నుంచి మొదలుపెట్టాను. గుర్రపుడెక్క, పిలక, నీరు నిదానించిన చోటు. చాలాసేపు ఏమీ అనలేదు. కొంగుతో చీపురు పుల్లలు దులుపుకుంటూ కూర్చుంది. తర్వాత తనే అడిగింది. "అయితే నేను మందు మింగుతున్నా ఆ పిలక చావలేదంటే అది మందుకి అలవాటు పడిందన్నమాట. అలవాటు పడిన పిలకని చూడ్డానికే కదా ఈ సూది?" అంది. నేను అరగంట చెప్పింది ఒక్క ముక్కలో తేల్చేసింది. మేనత్తలకి కూడా తనే ఫోన్ చేసి చెప్పుకుంది. మంగళవారం బయాప్సీ.

పాలకొల్లు_పిన్ని
ఆ తల్లికి నా నమస్కారం చెప్పు బాబూ. నా నంబర్ నీకు మెసేజ్‌లో పంపుతున్నాను. మాట్లాడాలనిపిస్తే ఎప్పుడైనా చేయమను, అర్ధరాత్రి అయినా. నేను మేలుకునే ఉంటాను.

నర్సు_అక్క
బ్లాకులు దొరికాయా?

రాజోలు_రేవు
దొరికాయి అక్కా. రెండుసార్లు తిప్పి మూడోసారి ఇచ్చారు. చిన్న అగ్గిపెట్టెంత ప్లాస్టిక్ గూడులో తెల్లటి మైనం, మధ్యలో గోధుమరంగు మచ్చ. అమ్మ చేతిలోకి తీసుకుని "ఇంతేనా" అంది.

రాజోలు_రేవు
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఫిష్ పాత ముక్కలోనూ కొత్త ముక్కలోనూ నెగెటివ్. ఈఆర్ ఇంకా పాజిటివ్, పీఆర్ ఇప్పుడు నెగెటివ్. ఈడీటీఏ అని అడిగితే ల్యాబ్ ఆయన "మీకెవరు చెప్పారు" అని ఆశ్చర్యపోయాడు.

ల్యాబ్‌కోటు
ఈఆర్ ఇంకా ఉంది కాబట్టి హార్మోన్ మందుకి దారి తెరిచే ఉందన్నమాట. పాత మాత్ర మార్చి ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ గానీ ఇంకో హార్మోన్ మందు గానీ, దాంతో పాటు సీడీకే4/6 అనే ప్రోటీన్లని ఆపే మాత్ర ఇవ్వడం ఇప్పుడు మామూలు. ఎన్ని దారుల్లో కబురు వచ్చినా కణం రెండుగా చీలే ముందు దాటాల్సిన తలుపు అది. ఆ తలుపుని మూసే మందుల్లో మొదటిది పాల్బోసిక్లిబ్, 2015లో వచ్చింది. మొదట్లో తెల్ల రక్తకణాలు తగ్గుతాయి, చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. పీఐకే3సీఏ పరీక్ష గురించి కూడా అడిగి పెట్టుకోండి. ఎముకల వరకే ఉండి ఏళ్ళ తరబడి తమ పని తాము చేసుకుంటున్నవాళ్ళ స్లైడ్లు నేను చూస్తూనే ఉంటాను.

రాజోలు_రేవు
డాక్టర్ గారు సరిగ్గా ఆ రెండు రకాలే రాశారు. ఎముకల ఇంజెక్షన్ ఇంకా మొదలుపెట్టలేదు. కింది దవడలో పుచ్చు పన్ను ఒకటుంది, నాకు చెప్పలేదు ఇన్నాళ్ళూ. రేపు అమలాపురం తీసుకెళ్తున్నాను. పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్దామని సంచి సర్దుకుని కూర్చుంది.